మింగిన మేళం

పగ పట్టినవాళ్ళు కత్తి నూరుకుంటారు. శేషారత్నం చింతపండు నానబెట్టింది.

నవ్వకండి. ఆవిడ డాక్టరేటు చేసిన మనిషి, కాకినాడలో ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ధ్వనిశాస్త్రం లాబ్‌కి పెద్ద. చింతపండులోని పులుపు తీసి, సోడా ఉప్పూ ఇంకో రెండు మందులూ కలిపి, కాచి చల్లారబెడితే అద్దాల్లాంటి స్ఫటికపు కండలు కడతాయి, అచ్చం కలకండ కట్టినట్టే. శబ్దం తగిలితే చాలు, ఆ కండల్లో కరెంటు పుడుతుంది. వెనకటి రోజుల్లో మైకుల్లో అలాంటివే పెట్టేవారు. శేషారత్నం దాని మీద ఇంకో మెట్టు ఎక్కింది. కండ కట్టేటప్పుడు పక్కన ఏ శబ్దం మోగుతూ ఉంటే, పెద్దయ్యాక అది ఆ శబ్దాన్నే తింటుంది. మిగతావి ముట్టదు.

లాబ్ అసిస్టెంటు నజీర్ ముందు ఆవిడ దీన్ని మిక్సీ మీద చూపించింది. నజీర్ వాళ్ళావిడ మిక్సీయే, ఇంట్లో చెప్పకుండా తెచ్చాడు పాపం. మిక్సీ మోతలో పెంచిన నిమ్మకాయంత కండని పక్కన పెట్టి స్విచ్చి వేస్తే, జార్ ఊగింది, కొబ్బరి నలిగింది, మోత మాత్రం లేదు. కిటికీ బయట కాకి అరవడం శుభ్రంగా వినబడింది.

"మిక్సీ కాలిపోయిందనుకున్నా మేడమ్," అన్నాడు నజీర్. "చట్నీ చూస్తే మెత్తగా ఉంది."

"తినడం చూశావు. ఇప్పుడు కక్కడం చూడు," అని శేషారత్నం మిక్సీ ఆపేసి, కండని గుప్పిట్లో బిగించింది. అరచేతి వేడి తగిలేసరికి గుప్పిట్లోంచి మిక్సీ మోత బయల్దేరింది. ముందు సన్నగా వచ్చింది, కండ వేడెక్కేకొద్దీ పెరిగింది. తిన్నదంతా, తిన్న వరసలోనే కక్కింది. ఆ తర్వాత ఎంత పిసికినా ఉలుకూ పలుకూ లేదు. ఒక్కసారి కక్కితే ఇక అది ఉత్త ఉప్పే. ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసింది. ఏ ముఖంతో తింటుందో ఆ ముఖంతోనే కక్కుతుంది. గదంతా నిండాల్సిన మోత గోరంత ముఖంలోంచి సూటిగా వస్తుంది. ఎదురుగా చెవి పెట్టిన నజీర్ వారం రోజులు దూది పెట్టుకు తిరిగాడు. పక్కన నిలబడిన శేషారత్నానికి దోమ రొదలా వినబడింది, అంతే.

"ఆసుపత్రుల పక్కన జనరేటర్లకి పెడదాం మేడమ్. బడి పక్కన రాళ్ళ క్రషర్లకి పెడదాం," అని నజీర్ ఆశగా అన్నాడు.

"పెడదాంలే," అంది శేషారత్నం. ఆవిడ మనసు అక్కడ లేదు. ఆవిడ మనసంతా రామచంద్రపురంలో, చిట్టబ్బాయి ఇంటి మీద ఉంది.

చిట్టబ్బాయి గురించి చెప్పాలంటే నాకే పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది. ఒకప్పుడు సైకిలు మీద మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. తర్వాత డీజే బాక్సులు, ఆ తర్వాత లారీల కొద్దీ బాక్సులు, చివరికి సొంత ఫంక్షన్ హాలు. అతని లారీ వీధిలోకి వస్తే అలమర్లలో గిన్నెలు కిందపడేవి, ఉయ్యాల్లో పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవాళ్ళు. ఎవరైనా అడగబోతే, "పెళ్ళండీ, చావు కాదుగా," అనేవాడు.

శేషారత్నం తమ్ముడు వీరభద్రం సన్నాయి విద్వాంసుడు. వాళ్ళది తాతముత్తాతల నుంచీ మేళం వాయించే కుటుంబం. తల్లీ తండ్రీ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఈవిడే. పెళ్ళీ పెటాకులూ మానుకుని పెంచింది. వాడి సన్నాయి వింటూనే ధ్వనిశాస్త్రం చదివింది. ఓ పెళ్ళి ఊరేగింపులో చిట్టబ్బాయి తాగి ఉన్నాడు. "ఒరే ఈరబద్రా, నీ సన్నాయి గొప్పదా, నా బాక్సులు గొప్పవా? తేల్చేద్దాం రా," అన్నాడు. కుర్రకారు ఈలలు వేశారు. వీరభద్రానికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంటెత్తు బాక్సుల ముందు నిలబడి సన్నాయి అందుకున్నాడు. చిట్టబ్బాయి లారీ ఎక్కి, ఇంకొకడికి చెప్పకుండా, తన చేత్తోనే నాబ్ తిప్పాడు. ఇంకా తిప్పాడు. వీరభద్రం తప్పుకోవచ్చు, కానీ ఓడిపోయాడంటారని కదల్లేదు. చెవుల్లోంచి నెత్తురు మెడ మీదికి జారుతుంటే జనం చెమటనుకున్నారు.

మర్నాటి నుంచి వీరభద్రానికి ఈ లోకం మూగదైపోయింది. సన్నాయిని పాత పట్టుపంచెలో చుట్టి అటక మీద పెట్టేసి, బట్టల కొట్లో చీరలు మడతపెట్టే పనికి కుదిరాడు. కేసు పెడితే, "వాడంతట వాడే నిలబడ్డాడు సార్," అని ఊరంతా సాక్ష్యం చెప్పింది. చిట్టబ్బాయి ఒక్కనాడు కూడా గుమ్మం తొక్కలేదు, ఒక్క మాట అనలేదు. అదీ శేషారత్నం గుండెల మీద కుంపటి.

అలాంటి చిట్టబ్బాయి కూతురికి పెళ్ళి కుదిరింది. కబురు తెలిసిన రోజునే ఈవిడ చింతపండు నానబెట్టింది.

ఆవిడ ఎత్తు ఏమిటో చెబుతాను వినండి. మన పెళ్ళిళ్ళలో డీజే ఎంత మోగినా, తాళి కట్టే క్షణంలో దాన్ని కట్టేస్తారు. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం" అంటాడు. డోళ్ళూ సన్నాయిలూ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆ క్షణంలో ఎవరు తుమ్మినా, ఎవరు ఏడ్చినా, ఎవరి నోట కాని మాట జారినా అది వధూవరుల చెవిన పడకూడదని పెద్దలు పెట్టిన ఏర్పాటు అది. చిట్టబ్బాయి చూస్తే పిల్లి ఎదురొస్తే కారు వెనక్కి తిప్పే మనిషి. మగపెళ్ళివారు అతన్ని మించిన శకునాల పిచ్చివాళ్ళు. సరిగ్గా తాళి వేళకి మేళం గొంతు పడిపోతే? ఆ నిశ్శబ్దంలో ఓ తుమ్ము వినబడితే? సంబంధం బెడిసికొడుతుంది, హాలుకి చెడ్డపేరు వస్తుంది, ఆ హాల్లో ఇంకెవడూ పెళ్ళి చెయ్యడు. తుమ్ముకి మాత్రం మనిషినెందుకు వెతకడమని, డాక్టరు శేషారత్నం స్వయంగా ఓ నస్యం పొట్లం కొనుక్కుంది.

"పెళ్ళికూతురు ఏం పాపం చేసింది మేడమ్?" అన్నాడు నజీర్, సంగతి తెలిశాక.

"మా తమ్ముడు ఏం పాపం చేశాడు?"

నజీర్ తన పనిలో పడ్డాడు. కానీ పనిలో లోపం కనిపిస్తే ఊరుకోలేని మనిషి. లాబ్‌లో కండ చుట్టూ పగలంతా వీరభద్రం పాత రికార్డులే మోగుతున్నాయి. చెవులున్నప్పుడు వాయించినవి, డోలు వాయించిన చిన్నాన్న కూడా బతికున్నప్పటివి. "మేడమ్, ఇంకో పదిమంది సన్నాయిలు కూడా పెట్టి పెంచుదాం. పెళ్ళికి వచ్చేది బయటూరి మేళం కదా. ఇది మీ తమ్ముడిగారిది ఒక్కటే నేర్చుకుంటుందేమో," అన్నాడు.

శేషారత్నం ముక్కు ఎగరేసింది. "వాళ్ళవి సన్నాయిలేంటి నజీర్? పీకలు. సన్నాయి అంటే వీడిదే. ఇది నేర్చిన కండకి అవన్నీ ఓ లెక్కా?"

చూశారా! చదువుకున్నదంతా ఒకెత్తు, పుట్టింటి గర్వం ఒకెత్తు. ఆవిడ చెవికి చిన్నప్పటి నుంచీ లోకంలో ఒకటే సన్నాయి ఉంది. ఇంకెవరైనా ఆ తప్పు చేసేవారు కాదు.

శనివారం ఇంటికి వెళ్తే వీరభద్రం అరుగు మీద కూర్చుని తొడ మీద వేళ్ళు ఆడిస్తున్నాడు. అక్కని చూసి వేళ్ళు ఆపేశాడు. అక్క పెదాలు చూస్తే చాలు అతనికి మాట తెలుస్తుంది.

"ఏంట్రా భద్రం, మళ్ళీ వాయించబుద్ధి అవుతోందా?"

"ఏం లేదక్కా. చీరలు మడతపెట్టీ పెట్టీ వేళ్ళు తిమ్మిరెక్కాయి," అన్నాడు, చెవిటివాళ్ళ పెద్ద గొంతుతో. అబద్ధం. ఆ పొద్దున్నే చిట్టబ్బాయి తల్లి వెంకాయమ్మ పెళ్ళిలో వాయించమని మనిషి చేత తాంబూలం పంపింది. ఆ ఇంట్లో తాళి పడ్డాక తొలి రాగం ఎప్పుడూ వీళ్ళ ఇంటి సన్నాయిదే. కొడుకు బయటూరి నుంచి ఎంత పెద్ద మేళం తెచ్చినా ముసలమ్మ ఒప్పుకోలేదు. తాంబూలం తిరగ్గొట్టడం మేళగాళ్ళ ఇంట్లో లేదు. శత్రువు పంపినా సరే, అది పెళ్ళి, మంగళం. వీరభద్రం కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. అక్క వద్దంటుందని తెలుసు, అందుకే చెప్పలేదు.

పెళ్ళి రోజు రానే వచ్చింది. పొద్దుటి ముహూర్తం. హాలంతా ఏసీ, హాలంతా బంతిపూలు. ఊరంతటికీ శుభలేఖలు పంచాడు కనుక శేషారత్నాన్ని ఎవరూ ఆపలేదు. పూలు బాగున్నాయంటూ మండపం స్తంభం దగ్గరికి వెళ్ళి, బంతి చెండుల మధ్యకి కండని నొక్కేసి వచ్చి మూడో వరసలో కూర్చుంది. చిట్టబ్బాయి పట్టు కండువా సర్దుకుంటూ మండపం మీద తిరుగుతున్నాడు. వాణ్ణి చూస్తుంటే ఆవిడకి చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

జీలకర్ర బెల్లం అయింది. డీజే ఆపేశారు. మంగళసూత్రం పళ్ళెంలో పెట్టి పెద్దల చేతుల మీదుగా తిప్పుతున్నారు. శేషారత్నం చాటుగా నస్యం పొట్లం విప్పి గట్టిగా పీల్చింది. సరిగ్గా అప్పుడే మండపం పక్క మెట్లెక్కుతూ వీరభద్రం కనిపించాడు. పాత పట్టుపంచె కట్టుకున్నాడు. చేతిలో సన్నాయి ఉంది.

కండ తమ్ముడి సన్నాయినీ మింగేస్తుందని శేషారత్నానికి తట్టింది. లేచి మండపం వైపు పరిగెత్తబోయింది. అప్పుడు పట్టుకున్నాయి తుమ్ములు. ఒకటి కాదు, రెండు కాదు. కళ్ళనీళ్ళూ ముక్కునీళ్ళూ కలిసిపోయి కుర్చీ పట్టుకుని వంగిపోయింది. పక్కావిడ మోచెయ్యి పట్టుకుని, "కూర్చోండమ్మా, ముహూర్తం వేళ," అని కుదేసింది.

"గట్టిమేళం," అన్నాడు పురోహితుడు.

డోళ్ళు విరుచుకుపడ్డాయి. బయటూరి సన్నాయిలు గొంతెత్తాయి. హాలు కప్పు అదిరింది. శేషారత్నం ఎన్ని తుమ్ములు తుమ్మిందో ఆ మోతలో పక్కావిడకి కూడా వినబడలేదు. తాళి పడింది, అక్షింతలు పడ్డాయి. చిట్టబ్బాయి కూతురి పెళ్ళికి వీసమెత్తు అపశకునం జరగలేదు. నజీర్ చెప్పిందే నిజమైంది. వీరభద్రం సన్నాయితో పెరిగిన కండ వీరభద్రం సన్నాయిని మాత్రమే తింటుంది.

ఆచారం ప్రకారం గట్టిమేళం చివర డోళ్ళు ఆగి, ఇంటి సన్నాయి ఒంటరిగా ఆనందభైరవి వాయించాలి. డోళ్ళు ఆగాయి. అందరూ వీరభద్రం వైపు చూశారు. అతను కళ్ళు మూసుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు తేలాయి, వేళ్ళు రంధ్రాల మీద పరుగెత్తాయి. హాల్లో ఏసీ హోరు తప్ప చప్పుడు లేదు. అతను వాయిస్తూనే ఉన్నాడు. కాసేపటికి ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత పది మంది, తర్వాత హాలు సగం నవ్వింది. అక్కడే మైకు ఉంది. చిట్టబ్బాయి అందుకున్నాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదడం విన్నాం గానండీ, చెవిటివాడే ఊదడం ఇప్పుడు చూస్తున్నాం. పాపం, ఊదడం కూడా మర్చిపోయాడు. భోజనాలకి లేవండి, లేవండి."

మళ్ళీ డీజే మొదలైంది. వీరభద్రం సన్నాయి దించి కళ్ళు తెరిచాడు. జనం నవ్వుతున్నారు. సంతోషపడుతున్నారనుకున్నాడు అమాయకుడు. దిగివచ్చి అక్క ముందు నిలబడ్డాడు. ఒళ్ళంతా చెమట, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఎలా వచ్చిందక్కా?" అన్నాడు, నాలుగు వరసలకి వినబడేట్టు. "ఇవాళ ఏదో దొరికింది నాకు. చెవులున్నప్పుడు కూడా దొరకనిది. ఎలా వచ్చింది చెప్పు."

ముందు వరసలో ఇద్దరు నోళ్ళకి కండువాలు అడ్డం పెట్టుకున్నారు. శేషారత్నం, "బాగా వచ్చింది," అని పెదాలు కదిపింది. గొంతు రాలేదు, వచ్చినా అతనికి అక్కర్లేదు కదా. "నువ్వు భోజనానికి పద. నేను వస్తా."

స్తంభం దగ్గరికి వెళ్ళి బంతిపూలలోంచి కండ తీసింది. రుమాలులో పట్టుకుంది, చెయ్యి తగలనివ్వలేదు. తమ్ముడి ఆనందభైరవి మొత్తం అందులోనే ఉంది. ఇప్పుడేం చెయ్యాలో ఆవిడకి స్పష్టంగా తెలుసు. అక్కడే ఇత్తడి హారతి పళ్ళెం ఉంది. పళ్ళెంలో కండ బోర్లించి కింద కర్పూరం వెలిగిస్తే చాలు, పళ్ళెం మోగి హాలంతా వినబడుతుంది. డీజే ఒక్క నిమిషం ఆపించాలి, అంతే. నవ్విన నోళ్ళన్నీ మూతపడతాయి. తమ్ముడి పరువు తమ్ముడికి దక్కుతుంది. ఆవిడ పళ్ళెం చేతిలోకి తీసుకుంది కూడా.

అప్పుడు చిట్టబ్బాయి కనిపించాడు. ఫొటోగ్రాఫర్లకి చేసి చూపిస్తున్నాడు. బుగ్గలు ఉబ్బించి, కళ్ళు మూసి, గాలిలో వేళ్ళాడిస్తూ వీరభద్రంలా నిలబడ్డాడు. వియ్యంకుడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

శేషారత్నం పళ్ళెం కింద పెట్టేసింది.

"చిట్టబ్బాయి గారూ," అంది దగ్గరికెళ్ళి. నవ్వుతూనే అంది. "కానుక తెచ్చాను. కొత్త రకం రికార్డు అనుకోండి. మా తమ్ముడు వాయించిందంతా ఇందులో ఉంది. గుప్పిట్లో కాస్త వేడి చేసి చెవికి ఆనించుకోండి, వినబడుతుంది."

"గాలి రికార్డు చేశారా పంతులమ్మగారూ? చూద్దాం, చూద్దాం," అని అతను కండ పుచ్చుకున్నాడు. పక్కవాళ్ళకి కన్ను గీటి, గుప్పిట్లో నలిపి చెవికి పెట్టుకున్నాడు.

మొహం మీద నవ్వు అలాగే నిలిచిపోయింది. తర్వాత కరిగిపోయింది. ఏదో అనబోయిన వియ్యంకుణ్ణి ఎడమచేత్తో ఆగమన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కండ వేడెక్కుతోంది. ముందు సన్నగా మొదలైంది ఇప్పుడు పెరుగుతోంది, శేషారత్నానికి తెలుసు. ఇక తీసేస్తాడనుకుంది. చెయ్యి పట్టుకుని ఇంకా నొక్కాలని సిద్ధంగా నిలబడింది. ఆ అవసరం రాలేదు. అతనే రెండు చేతులతో నొక్కుకున్నాడు. నుదురు ముడిపడింది, దవడ బిగుసుకుంది, ముక్కులోంచి నెత్తురు కారింది, అయినా తియ్యలేదు. హాలంతా పరుచుకోవాల్సిన నాదం ఒక్క చెవిలోకి దిగింది, ఎముక గుండా రెండో చెవికీ పాకింది. కండ ఖాళీ అయ్యాక అతను నెమ్మదిగా మోకాళ్ళ మీద కూలాడు. నెత్తి మీద డీజే మోగుతూనే ఉంది. ఏది ఆగిపోయిందో తెలియనివాడిలా చిట్టబ్బాయి నోరు తెరుచుకుని బాక్సుల వైపు చూశాడు.

శేషారత్నం కడుపు చల్లబడింది. అబద్ధం చెప్పడం ఎందుకు, నిజంగానే చల్లబడింది. తమ్ముడి పక్కన కూర్చుని విస్తట్లో పెరుగన్నం ఆఖరి మెతుకు దాకా తిన్నది.

బాక్సుల ముందు బతికిన మనిషికి చెవులు పోక ఏమవుతాయన్నారు డాక్టర్లు. రెండు చెవులూ పనికిరావని తేల్చారు. చిట్టబ్బాయి ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేదు. నజీర్ మాత్రం లాబ్‌లో మిగిలిన ద్రావకం పారబోస్తూ, "ఆసుపత్రి కండలు చేద్దామన్నాం మేడమ్," అన్నాడు మొహం చూడకుండా. "ఇప్పుడు ఏ ఆసుపత్రివాళ్ళకి ఇద్దామన్నా నా చెయ్యి రావట్లేదు. అది ఏం చెయ్యగలదో తెలిశాక." నెల తిరక్కముందే వేరే డిపార్ట్‌మెంటుకి మారిపోయాడు. పోతే పోయాడనుకుంది శేషారత్నం. పగ తీరింది, ఇంకేం కావాలి?

కావలసింది వీరభద్రానికి. ఆ రోజు నుంచి సన్నాయి అటకెక్కలేదు. బట్టల కొట్టు మానేసి పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని వాయిస్తున్నాడు, విసుక్కుని ఆపేస్తున్నాడు, మళ్ళీ ఎత్తుకుంటున్నాడు.

"రావట్లేదక్కా," అన్నాడు ఓ రోజు. మనిషి చిక్కిపోయాడు. "ఆనందభైరవిలో దిగేటప్పుడు ఓ దారి దొరికింది ఆ రోజు. మనసులో చూశాను దాన్ని. ఇప్పుడు వేళ్ళకి గుర్తులేదు. నువ్వు విన్నావు కదా, నోటితో పాడు. నీ గొంతు మీద చెయ్యి పెట్టి పట్టుకుంటా. ఎత్తుకెళ్ళే తీరు తెలిస్తే చాలు నాకు."

తప్పించుకోవడానికి శేషారత్నానికి దారి లేకపోయింది. అతని వేళ్ళు గొంతు మీద పెట్టించుకుని ఆనందభైరవి కూనిరాగం తీసింది. పాత రికార్డుల్లో ఉన్నదే తీసింది. తమ్ముడి మొహంలో ఆశ ఒక్కో గుక్కకీ తగ్గిపోవడం చూస్తూ తీసింది. అతను చెయ్యి తీసేశాడు.

"ఇది నా పాతది. ఆ రోజుది కాదు. నువ్వు విన్నావా అసలు?"

"విన్నానురా."

పెదాలు చదివే మనిషికి అబద్ధం కూడా కనిపిస్తుందేమో.  వీరభద్రం సన్నాయిని ఒళ్ళో పెట్టుకుని వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ పూట అన్నం తినలేదు, మర్నాడూ తినలేదు. చెవులు పోయినప్పుడు కూడా వాడు అలా లేడు. శేషారత్నానికి అప్పుడు తెలిసొచ్చింది తనేం ఖర్చు పెట్టేసిందో. తమ్ముడు జన్మంతా వాయించినవాటన్నిటికన్నా మిన్నయినది ఒక్కటి ఉంటే, దాన్ని తీసుకెళ్ళి శత్రువు చెవిలో పోసి వచ్చింది. లోకంలో ఇంకెవరూ వినలేదు. ఆఖరికి తనూ వినలేదు.

కార్తీకం వెళ్ళాక ఓ సాయంత్రం గుమ్మం ముందు కారు ఆగింది. చిట్టబ్బాయి దిగాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అరుగు మెట్లెక్కి, వీరభద్రం ఎదురుగా కూర్చున్నాడు. శేషారత్నం లోపల్నుంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.  

"పంతులమ్మా, నువ్వు చేసిందేంటో నాకు తెలుసు," అన్నాడు అతను, తన గొంతు తనకి వినబడనివాడి గొంతుతో. "కేసు పెట్టలేదెందుకో తెలుసా? అది చెవికి ఆనించినప్పుడే నొప్పెట్టింది. తీసేద్దామంటే తీసేవోణ్ణే. తియ్యబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్ళు సౌండు అమ్ముకు బతికాను, శబ్దం అంటే ఏంటో నాకు ఆ రోజే తెలిసింది." తర్వాత వీరభద్రం వైపు తిరిగి, అతనికి అందేట్టు పెదాలు పెద్దగా కదిపాడు. "ఒరే, నువ్వు వాయించిందే పగలూ రాత్రీ మోగుతోందిరా లోపల. డాక్టరు హోరు అన్నాడు. హోరు కాదది."

కళ్ళు మూసుకుని కూనిరాగం మొదలెట్టాడు. గొంతు బొంగురుగా ఉంది. ఒక్కో చోట శ్రుతి జారింది. ఇద్దరు చెవిటివాళ్ళ మధ్య ఆ రాగం అరుగు మీద నడుస్తుంటే, వినగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. శేషారత్నం విన్నది. ఆనందభైరవి ఎక్కడైతే ఎప్పుడూ వంగి దిగుతుందో, అక్కడ దిగలేదు. ఆగి, పక్కకి తిరిగి, తను పుట్టాక ఏ సన్నాయిలోనూ వినని వైపు అడుగు పెట్టింది.

వీరభద్రం చెయ్యి చాపి చిట్టబ్బాయి గొంతు మీద పెట్టాడు. ఎన్నో రాత్రులు శేషారత్నం కలలో నొక్కిన గొంతు అది. తమ్ముడి వేళ్ళు దాని మీద మెత్తగా ఆనాయి. వీరభద్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదే," అన్నాడు. "అక్కా, ఇదే ఇదే."

రాగం ఇంకా మలుపులోనే ఉంది. చిట్టబ్బాయి కళ్ళు తెరిచాడు. గొంతు మీదున్న చేతిని చూశాడు, గుమ్మంలో ఉన్న మనిషినీ చూశాడు. ఆవిడ మొహంలో ఏం కనిపించిందో ఏమో, పాత చిట్టబ్బాయి పెదాల చివర కాస్త కదిలాడు. పాట అక్కడే ఆపేసి, కండువా దులుపుకుని లేచాడు.

"ఇవాళ్టికి చాలు," అన్నాడు.

వీరభద్రం చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. మిగతాది ఆ తలలో తప్ప ఎక్కడా లేదు. వయసు మీద పడ్డ మనిషి, నెత్తురుపోటు ఉన్న మనిషి. రేపొస్తాడో రాడో, వచ్చినా పాడతాడో లేదో. శేషారత్నానికి అతని మీద పగ ఆవగింజంత కూడా తగ్గలేదు. దాన్ని అలాగే కడుపులో పెట్టుకుని, గబగబా మెట్లు దిగి, కారు తలుపుకి అడ్డం నిలబడి, చిట్టబ్బాయికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.